అయిదు శ్రుతి, కాస్త ఎక్కువ

మా ఫ్రిజ్ మోత మొదలుపెట్టి కొన్నాళ్ళైంది. పక్క ఫ్లాటు ఆవిడ గోడ అవతల నుంచి అది విని, నా మీద జాలిపడి, తనే ఒక మెకానిక్‌ని పంపింది. అతను ఫ్రిజ్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, "ఇంత మోత ఎలా భరిస్తున్నారు మేడమ్?" అన్నాడు.

నేను భరించడం లేదు. సాయంత్రాలు వంటింట్లో పీట వేసుకుని దానితో కలిసి పాడుతున్నాను. ఆ సంగతి ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పే ధైర్యం నాకు లేదు గనక, "కాఫీ తాగుతారా?" అన్నాను.

అతను కాఫీ తాగుతున్నంతసేపూ ఫ్రిజ్ తన పని తను చేసుకుపోతూనే ఉంది. ఆ గొంతు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దాన్ని మొదటిసారి విన్నది ఖతర్‌లో, దోహా నగరంలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని మా పాత ఫ్లాటులో, మా అమ్మ జంతికల డబ్బాలోంచి.

మా నాన్న అక్కడ రోడ్లు వేసే కంపెనీలో ఇంజినీరు. తారు గురించి, కంకర గురించి ఆయనకు తెలియంది లేదు. కరెంటు గురించి తెలిసింది లేదు. అయితే ఇంజినీరన్నాక ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టేనని ఆయన నమ్మకం. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె, గడియారం, అమ్మ మిక్సీ, ఈ నమ్మకానికి ఒకదాని తర్వాత ఒకటి బలయ్యాయి.

అక్కడ మా పండుగలు తిథిని బట్టి కాక శుక్రవారాన్ని బట్టి వచ్చేవి. అందరికీ సెలవు ఆ ఒక్కరోజే. ఉగాది ఏ రోజైనా కానీ, తర్వాతి శుక్రవారం దాకా కొత్త సంవత్సరం గుమ్మం బయట నిలబడాల్సిందే. ఆ శుక్రవారం తెలుగు కుటుంబాలన్నీ ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాకి చేరేవి. ఆ ఇంటావిడను పిల్లలందరం విల్లా అత్తయ్య అనేవాళ్ళం. ఒక ఉగాదికి ఏసీల హోరులో ముందు వరస దాటి ఒక్క మాటా వినపడలేదు. పాడుతున్నావిడ నోరు మాత్రం కదిలింది. ఎప్పుడు ముగిసిందో తెలియక వెనకవాళ్ళు చరణం మధ్యలో చప్పట్లు కొట్టారు. అది చూసి మా నాన్న చేతిలో పులిహోర ప్లేటుతో లేచి నిలబడ్డాడు.

"వచ్చే ఉగాదికి మైకు బాధ్యత నాది!"

"మా జపాన్ స్టీరియో సెట్టు ఉందిగా అన్నయ్యగారూ," అంది విల్లా అత్తయ్య. "దానికి మైకు తగిలించే చోటు లేదు గానీ, శబ్దం మాత్రం అద్దంలా ఉంటుంది."

"అద్దం ఏమిటమ్మా! నేను స్వయంగా తయారు చేస్తాను. వినండి అప్పుడు."

అమ్మ నా ప్లేటులోకి చూస్తూ, "ఇంక కొత్త మిక్సీ తప్పించుకున్నట్టే," అంది.

సెలవుకి హైదరాబాదు వెళ్ళినప్పుడు నాన్న కోఠీలో యాంప్లిఫయర్‌కి కావలసిన విడిభాగాలు కొన్నాడు. ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ని తువ్వాలులో చుట్టి, పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన పెట్టాడు. దారిలో జాడీ కారింది. అందుకే మా యాంప్లిఫయర్ వేడెక్కినప్పుడల్లా ఇల్లంతా ఆవపిండి ఘాటు వచ్చేది. సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే సాంబ్రాణిలాంటి పొగ, దాని మీద ఆ ఘాటు, వంటింట్లోంచి పోపు. ఇప్పటికీ ఏ రేడియో రిపేరు షాపు ముందు నుంచి వెళ్ళినా నాకు అన్నం కలుపుకోవాలనిపిస్తుంది.

భాగాలన్నీ బిగించడానికి రేకు పెట్టె కావాలి. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న జంతికల డబ్బా మీద నాన్న కన్ను పడింది. నలుచదరపు డబ్బా. లోపలా బయటా పెయింటు, నాలుగు పక్కలా ఎర్ర గులాబీలు.

"జంతికలు ఎక్కడ పెట్టను?" అంది అమ్మ.

"స్టీలు డబ్బాలో పెట్టు."

"మెత్తబడతాయి."

"ఉగాది కాగానే నీ డబ్బా నీకిచ్చేస్తానే!"

"ఒక్క పువ్వు మీద గీత పడిందా, ఈ జన్మకి మీకు జంతికలు లేవు. చెప్తున్నా."

నాన్న జంతికల మనిషి. ఆ బెదిరింపు ఎంత దూరం పోయిందో తర్వాత తెలిసింది.

ఈ వైభవానికంతా సాక్షి నిజామాబాద్ బాబాయి. నాన్న కంపెనీలోనే స్టోరు చూసేవాడు. ఆయన కుటుంబం ఊళ్ళో ఉండేది, అందుకని ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే భోజనం. వచ్చేటప్పుడు బేకరీ నుంచి పొగలు కక్కే ఖుబ్బూస్ రొట్టెలు తెచ్చేవాడు. వాటిలో గోంగూర పచ్చడి పెట్టుకుని మడిచి తినడం ఆయనే మాకు నేర్పాడు. ఊళ్ళో వాళ్ళు ఆయన దుబాయ్‌లో ఉన్నాడనుకునేవారు. ఆయన దిద్దడం మానేశాడు.

"ఖతర్ అంటే మా అవ్వ 'గదేడుంది బిడ్డా' అని ఏడుస్తది వదినె. దుబాయ్ అంటే ఊకుంటది."

మొదటిసారి స్విచ్చి వేసిన శుక్రవారం బాబాయి చేతికి మైకు ఇచ్చి నిలబెట్టారు. నాన్న కళ్ళు మూసుకుని దండం పెట్టి మీట నొక్కాడు.

గుయ్‌య్‌య్...

"ఏంది అన్నా గిది, యాంప్లిఫయరా, తేనెతుట్టెనా?" అని బాబాయి మైకులో అడిగాడు. తేనెతుట్టె అన్న మాట ఒక్కటే ఆ మోతలోంచి బయటపడింది.

నాన్న డబ్బా మీద తట్టాడు. మోత తగ్గలేదు. ప్లగ్గు తిప్పి పెట్టాడు. తగ్గలేదు. అంతలో వంటింట్లోంచి గరిటె పట్టుకుని అమ్మ వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాం. గుమ్మంలో ఆగి తల ఒక పక్కకి వాల్చింది. ఎవరో చాలాకాలానికి పేరుపెట్టి పిలిస్తే ఆగినట్టు ఆగింది.

"అయిదు శ్రుతి," అంది. "కాస్త ఎక్కువ."

ఇక్కడ నా గోడు కొంచెం చెప్పాలి. అమ్మ పెళ్ళికి ముందు కాకినాడలో సంగీతం నేర్చుకుంది. అయిదు ఆవిడ పాడుకునే శ్రుతి. తంబురా విమానం ఎక్కలేదు. వెంట తెచ్చుకున్న శ్రుతిపెట్టె మొదటి వేసవి ఇసుకగాలికే నోరు మూసుకుంది. శ్రుతి లేకుండానే నాకు పాఠం సాగేది, చాపమీద, సాయంత్రాలు. "స అంటే ఇల్లే! నువ్వు పైకి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇల్లు మార్చేస్తున్నావు," అని అమ్మ మొత్తుకునేది. దానికితోడు నా గొంతు పెదవి దాటేది కాదు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని బాల్కనీలో ఆరేసిన దుప్పట్ల వెనక కూర్చునేదాన్ని. నోటితో అననివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. అలాంటి నా పేరు ఉగాది కార్యక్రమంలో పాటకి ఇచ్చేసింది అమ్మ. విల్లా అత్తయ్య ఫోనులో ఎంతో సంతోషించిందట.  నిండు సభలో నిలబడి నోరు తెరిస్తే ఏమీ రాదని నాకు తెలుసు. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

"ఇలా రావే," అంది అమ్మ. "దీని మీద స పట్టు."

పట్టాను. మోత నా గొంతుని తన కిందికి తీసుకుంది. నా గొంతు నాకే సగం వినపడింది. ఇంకొంచెం పెంచాను. అయినా ఎవరూ నా వైపు చూడలేదు. నాన్న డబ్బాలోకి తొంగి చూస్తున్నాడు, బాబాయి మైకు ఊదుతున్నాడు. దుప్పటి వెనక కూర్చుని పాడుతున్నట్టుంది. పైకి వెళ్ళి తిరిగొచ్చాను. ఇల్లు ఉన్నచోటే ఉంది. అమ్మ చేతిలో గరిటె తాళం వేసింది. పప్పు మాడింది.

అప్పటి నుంచి మా ఇంట్లో రెండు పార్టీలు. మోత పోవాలని నాన్న, ఉండాలని అమ్మ. నేను నోరెత్తలేదు గానీ ఏ పార్టీయో చెప్పక్కర్లేదు.

వింతేమిటంటే, మోత పోగొట్టడానికి నాన్నకు అమ్మే కావలసి వచ్చింది. ఆయన దగ్గరున్న పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలో ఇలా ఉంది. కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. మోత ఆ యాభైలోనే పలికితే తప్పు తీగల్లోనో ఎర్తులోనో ఉన్నట్టు. దానికి రెట్టింపు, వందలో పలికితే కరెంటుని నున్నగా చేసే కెపాసిటర్ చాలనట్టు. మరి మనది యాభైయా, వందా? నాన్న చెవి పెట్టి విన్నాడు. బాబాయి విన్నాడు.

"నాకైతే లారీ లెక్క వినవడ్తుంది," అన్నాడు బాబాయి.

"రెండూ ఉన్నాయి," అంది అమ్మ బియ్యం ఏరుతూ. "పైది నిలకడగా ఉంది. మంచిది. కింద మంద్రంలో ఇంకొకటి గొణుగుతోంది. మనిషి కదిలితే అదీ కదులుతోంది. దాన్ని తీసెయ్యండి. పైదాన్ని మాత్రం ముట్టుకోకండి."

"ఇదేమన్నా కూరలో కరివేపాకా, ఒకటి తీసి ఒకటి ఉంచడానికి?"

అయినా తీశాడు. అంటే తీయడానికి చాలా శుక్రవారాలు పట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. మైకు తీగని కరెంటు తీగకి దూరంగా కట్టాడు. ప్రతి తిప్పుకీ "ఇప్పుడు?" అని అరిచేవాడు. వంటింట్లోంచి అమ్మ "అలాగే ఉంది", "ఇంకొంచెం పెరిగింది" అని తీర్పు చెప్పేది. ఆ వారాల్లో నా డైరీ నిండా వాతావరణ వార్తల్లాంటివే ఉంటాయి: ఈ రోజు కింది మోత అధికం, పై మోత సాధారణం, నాన్న మేఘావృతం.

ఒకరోజు బాబాయి చాయ్ గ్లాసు పట్టుకుని మాట్లాడుతూ రెండో చెయ్యి డబ్బా మీద ఆనించాడు. కింది మోత తగ్గిపోయింది. చెయ్యి తీస్తే వచ్చింది. పెడితే పోయింది.

నాన్న ఆనందం పట్టలేకపోయాడు. "కదలకు! ఉగాది రోజు నువ్వు దీన్ని పట్టుకునే కూర్చో!"

"మరి పచ్చడి ఎవలు తినిపిస్తరు అన్నా నాకు?"

చెయ్యి పెడితే తగ్గిందంటే డబ్బాకి ఎర్తు అందడం లేదన్నమాట. కానీ నాన్న ఎర్తు తీగలన్నీ తెచ్చి డబ్బాకే బిగించాడు. ఏం లోపమో అర్థం కాక తల పట్టుకున్నాడు. చివరికి బోల్టు విప్పి చూస్తే తెలిసింది, పాపం, బిగించింది పెయింటు మీద. గులాబీల మీద గీత పడకూడదని బోల్టు కిందా పైనా అట్టముక్క వాషర్లు కూడా వేశాడు, జంతికల మీద భయంతో. ఇనుముకీ తీగకీ మధ్య అమ్మ గులాబీ అడ్డు కూర్చుంది.

"ఒక్క పువ్వు," అన్నాడు నాన్న, అమ్మ ముందు నిలబడి. "బోల్టు కింద పట్టేంత. మిగతావి నీ ఇష్టం."

అమ్మ ఒక్కొక్క పువ్వునే వేలితో తడిమి చూసింది. చివరికి వెనక పక్కన, ఆకు కింద సగం దాక్కున్న చిన్న మొగ్గని చూపించింది. నాన్న దాన్ని గీకి, తీగలన్నీ ఆ ఒక్కచోటికే తెచ్చి బిగించాడు. గొణుగుడు ఆగిపోయింది. పై మోత మిగిలింది, కడిగిన గిన్నెలా.

"ఖలాస్!" అన్నాడు బాబాయి.

"సగమే," అన్నాడు నాన్న.

మిగతా సగానికి పెద్ద కెపాసిటర్ కావాలి. అది మా వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో లేదు. తెప్పిస్తానని షాపతను అన్నాడు. నాన్న ఎప్పుడు వెళ్ళినా "బుక్రా, ఇన్షాల్లా" అనేవాడు. రేపు, దేవుడి దయ. ఆ రేపు రాకూడదని నేనూ ఇంకో దేవుణ్ణి అడిగేదాన్ని. ఈలోగా దీపం పెట్టగానే అమ్మ యాంప్లిఫయర్ వేసేది, నేను పాడేదాన్ని. "నేను చేసింది యాంప్లిఫయర్, తంబురా కాదు," అని నాన్న సణుక్కుంటూ వినేవాడు.

ఉగాది శుక్రవారం ముందురోజు బుక్రా వచ్చేసింది.

కెపాసిటర్ చిన్న పౌడరు డబ్బా అంత ఉంది. లోపల పట్టలేదు. నాన్న దాన్ని బయటే నిలబెట్టి, గులాబీల మీదుగా నాడాతో చుట్టి కట్టి, రెండు తీగలు లోపలికి పోనిచ్చాడు. స్విచ్చి వేశాడు. ఏమీ వినపడలేదు.

"వెయ్యండి మరి," అంది అమ్మ.

"వేశాను!"

మైకు ముందు చిటిక వేశాడు. చిటిక హాలంతా పేలింది. తర్వాత మళ్ళీ నిశ్శబ్దం. నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మ మొహం నేను చూడలేకపోయాను.

"ఇప్పుడు పిల్ల దేని మీద పాడుతుంది?"

"గొంతుతో పాడుతుంది. అందరూ దేనితో పాడతారు?"

"రేపొక్కరోజు ఆ పౌడరు డబ్బా తీసెయ్యండి."

"పదిమందిలో మోత పెట్టే యాంప్లిఫయర్ పెట్టమంటావా? ఆ జపాన్ సెట్టు ముందు? ఇంజినీర్ని నేను!"

ఆ పూట అమ్మ వడ్డించింది గానీ ఏం కావాలో అడగలేదు.

మర్నాడు బాబాయి వేపపువ్వు తెచ్చాడు. రోడ్డు పక్క వేపచెట్టు ఎక్కబోతే కాపలా అతను పట్టుకున్నాడట. ఇది తింటామంటే నమ్మలేదట. "నా ముంగటనే తిను అన్నడు వదినె. తిన్న. గప్పుడు పాపం, నీళ్ళ సీసా ఇచ్చి పంపిండు." ఎవరు నవ్వినా నాకు నవ్వు రాలేదు. నా కడుపులో ఉగాది పచ్చడి ఆరు రుచుల్లో ఒక్కటే ఉంది.

విల్లా హాల్లో నాన్న డబ్బాని బల్ల మీద పెట్టి, మైకు పట్టుకుని, "అందరూ ఒక్క నిమిషం శ్రద్ధగా వినండి," అన్నాడు. అందరూ విన్నారు. ఏసీలు కూడా ఆపించాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఏం వినపడింది?"

"ఏమీ లేదు అన్నయ్యగారూ," అంది విల్లా అత్తయ్య బెరుగ్గా. "ఆన్ చేశారా?"

"అదే! అదేనమ్మా!" అన్నాడు నాన్న. నా జన్మలో ఆయన్ని అంత సంతోషంగా చూడలేదు.

మొదటి పేరు నాదే.

మైకు ముందుకు వెళ్ళాను. నా ఊపిరి నాకంటే పెద్దదై హాలంతా తిరిగి వచ్చింది. గాజులు కదిలితే గాజులు మోగాయి. అమ్మ ముందు వరసలో కూర్చుని, తొడ మీద చెయ్యి వేసి, పెదవులతో "స" అని చూపించింది. నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంటికి వచ్చాను, ఇల్లు లేదు. అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. దాక్కోవడానికి ఒక్క దుప్పటీ లేదు.

"భయపడింది పాపం," అన్నారెవరో. ఇంకెవరో "పర్లేదు తల్లీ, రేపు పాడుదువు," అన్నారు. ఆ రేపు ఎలాంటి రేపో నాకు తెలుసు. ఇప్పుడు వెనక్కి వెళ్ళి కూర్చుంటే ఇంక ఎప్పటికీ లేవను.

నాన్న వైపు చూశాను. ఆయన చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది, బహుమతి పట్టుకున్నట్టు. ఆయన నన్ను చూశాడు. అమ్మని చూశాడు. గోడ దగ్గర మెరుస్తున్న జపాన్ సెట్టుని కూడా చూశాడు. తర్వాత స్విచ్చి ఆపి, చొక్కా జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి, పౌడరు డబ్బా తీగని కటుక్కున తుంచాడు. మళ్ళీ స్విచ్చి వేశాడు.

గుయ్‌య్‌య్...

"అయ్యయ్యో! మోత వచ్చేసింది అన్నయ్యగారూ!" అంది విల్లా అత్తయ్య.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "మోత కాదమ్మా. శ్రుతి. ఇందులో అది ప్రత్యేకం. మీ జపాన్ సెట్టులో ఉండదు."

"గంతే గదా!" అన్నాడు వెనక నుంచి బాబాయి. "ఇందాక శ్రుతి పెట్టుడు మర్శిపోయిండు అన్న!"

నేను స పట్టాను. పైకి వెళ్ళాను. తిరిగొచ్చాను. ఎవరెవరు చూస్తున్నారో తర్వాత నాకు గుర్తులేదు. పాట అయ్యాక చప్పట్లు సరైన చోటే పడ్డాయి, అది గుర్తుంది.

తీగ పొట్టిదైపోయింది. ఇంక అతకడానికి వీల్లేదు. కాబట్టి ఆ రోజు మిగతా కార్యక్రమమంతా శ్రుతి మీదే నడిచింది. విల్లా అత్తయ్య స్వాగతోపన్యాసం మూడో వాక్యానికి సాగదీయడం మొదలుపెట్టింది. హాస్యం చెప్పడానికి లేచినాయన జోకు చివర రాగం తీశాడు. ఆ రోజుకి పంతులుగా కూర్చున్న బ్యాంకు పెద్దాయన పంచాంగం చదవడం మొదలుపెట్టి, వానలు, పంటలు, రాజపూజ్య అవమానాలు అన్నీ అయిదు శ్రుతిలోనే పాడి దిగాడు.

"వదినె," అన్నాడు బాబాయి పులిహోర తింటూ, "నా రాశికి అవమానం ఎక్కువున్నది. అయినా మస్తు ఇంపుగ వినవడ్డది."

తిరిగి వచ్చేటప్పుడు కారులో డబ్బా అమ్మ ఒళ్ళో ఉంది. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. నాడా రాసుకుని రెండు గులాబీల రంగు ఊడింది. నాన్న అది చూసి రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు.

"రేపు జంతికలు చేస్తాను," అంది అమ్మ. "స్టీలు డబ్బాలోనే పెడతాలెండి."

ఆ డబ్బా మళ్ళీ వంటింటికి రాలేదు. ఆ తర్వాత మేము దోహాలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు దీపం పక్కన పలుకుతూనే ఉంది. నాన్న ఇంకెప్పుడూ దాన్ని బాగుచేస్తానని అనలేదు.

మెకానిక్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఎంతసేపు మేడమ్, ఒక చిన్న ముక్క మారిస్తే పోతుంది."

"ఉండనివ్వండి," అన్నాను. బయటికే అన్నాను. అతను ఫ్రిజ్‌ని, నన్ను మార్చి మార్చి చూసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను అమ్మానాన్నల ఇంటికి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోన్ని ఫ్రిజ్ దగ్గర పెట్టాను.

"ఎర్తు చూసుకోమను," అని నాన్న గొంతు. "పెయింటు మీద బిగించి ఉంటారు వెధవలు."

ఆయన వెనక ఎక్కడో గరిటె చప్పుడు ఆగింది.

"అయిదు శ్రుతి," అంది అమ్మ. "కాస్త ఎక్కువ. ఊఁ, కానియ్యి."